చెరువు నిలబడింది పుణ్యం వల్లా, పెత్తనం వల్లా, పదోవంతు వల్లా?

శాసనపాఠి
పక్క చర్చలో సమాజాన్ని నడిపింది మతమని ఒకరు, రాజదండమని ఇంకొకరు పది పేజీలు కొట్టుకున్నారు. గాల్లో మాట్లాడితే ఎవరూ ఓడరు. అందుకే చేతికందే వస్తువొకటి ముందు పెడుతున్నాను. అది చెరువు. ఎవరు తవ్వించారు, ఎవరు మోశారు, ఎవరికి నీళ్లందాయి, ఎవరు బాగుచేశారు అని అడిగితే అధికారమూ నమ్మకమూ రెండూ బయటపడతాయి.

మొదలుపెట్టడానికి కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం తీసుకుందాం. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఈ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని శాసనమే చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలు, చెడగొట్టేవి ఆరు దోషాలు అని పట్టిక కూడా ఇచ్చింది. పన్నెండింటిలో మొదటిది మట్టీ కాదు, నీరూ కాదు. ధర్మబుద్ధి, ధనం ఉండి, నిలిచే కీర్తి కోరుకునే రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ తర్వాతే గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి వచ్చే మంచినీటి ఏరు, కొండల సందు, ఆ సందులో మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, నిటారు రాళ్లు దొరికే గని, కింద చదునైన పొలాలు వగైరా. చిట్టచివరన పన్నెండోది పనితెలిసిన మనుషుల గుంపు.

ఈ వరస ఊరికే రాలేదని నా నమ్మకం. మీరేమంటారు?

మత్తడి
వరస సంగతి నేను చెప్త అన్నా. రాసినోడు రాజు కొలువుల ఉన్నడు కాబట్టి రాజు మొదటికొచ్చిండు, మన్ను మోసినోడు చివరికి పోయిండు. రోజుకు వెయ్యి మంది అని లెక్క రాసిన్రు గాని ఒక్కని పేరన్న రాసిన్రా? రామప్ప చెరువు దగ్గరా గంతే. 1213 శాసనంల కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఉంటడు. కట్టకు మన్ను కొట్టినోళ్లు ఉండరు. పుణ్యం పేరు చెప్పి చేయించుకున్న వెట్టి అది. ఇంతకు మించి శాస్త్రం అక్కర్లేదు.

ఏఈ_మైనర్
ఆ గొడవ తర్వాత. ముందు ఆరు దోషాలు చూడండి, ఇంజనీరుగా నాకు అక్కడే ఆసక్తి. కట్టలోంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల ఎల్ల మీద ఉండడం, గర్భం మధ్యలో తాబేటి వీపులాంటి మెరక, నీరు తక్కువై ఆయకట్టు (చెరువు కింద సాగయ్యే భూమి) ఎక్కువవడం, నీరు ఎక్కువై భూమి తక్కువవడం. ఆరింటిలో అయిదు మట్టి, నీరు, లెవెలు సంగతులు. మూడోదొక్కటే రాజకీయం. ఎల్ల మీద కడితే పరీవాహకం, అంటే చెరువులోకి వాన నీరు జారే నేల, ఒకడిది, ఆయకట్టు ఇంకొకడిది. వాగు పైన అడ్డుకట్ట వేసినా అడగలేవు, గండి పడితే మరమ్మతు ఖర్చు ఎవరిదో తేలదు. తుంగభద్ర మీదా కృష్ణ మీదా ఇవాళ్టికీ నడుస్తున్న ట్రిబ్యునళ్ల గొడవ ఇదే. ఆరున్నర శతాబ్దాల కింద దాన్ని ఊటతో, చౌడుతో సమానమైన నిర్మాణదోషంగా రాశాడంటే, ఆ రాసినవాడు ఆస్థాన కవే అయినా పక్కన కూర్చున్నవాడు మాత్రం పనితెలిసినవాడే.

శాసనపాఠి
మత్తడి గారూ, కూలీల పేర్లు లేవన్న మాట నిజం. కానీ అంతా రాజు పెత్తనమే అంటే కాకతీయుల శాసనాలు ఒప్పుకోవు. పాఖాల చెరువు కట్టించింది జగదాల ముమ్మడి అనే అధికారి. బయ్యారం చెరువు గణపతిదేవుడి చెల్లెలు మైలాంబది. ఇవి పెద్దవి కాబట్టి పేర్లు మిగిలాయి. చిన్న చిన్న కుంటలు, చెరువులు వేయించినవాళ్లలో నాయకులు, రెడ్లు, వర్తకులు, ఆడవాళ్లు అందరూ ఉన్నారు. రాజధాని నుంచి ఉత్తర్వు వస్తే కట్టినవి కావు.

1957లో విట్‌ఫోగెల్ అనే జర్మన్ పండితుడు ఒక సిద్ధాంతం చేశాడు. పెద్ద నీటిపారుదల కావాలంటే కేంద్రంలో నిరంకుశ ప్రభుత్వం ఉండి తీరాలని. దక్కను పీఠభూమి చెరువుల ముందు అది నిలవదు. ఓరుగల్లు 1323లో పడిపోయింది, రాజ్యం పోయింది, చెరువులు పారుతూనే ఉన్నాయి. కేంద్రమే ఆధారమైతే కేంద్రంతో పాటే పోవాలి కదా.

కట్టించడానికి పురికొల్పింది సప్తసంతానాల నమ్మకం. కొడుకు, చెరువు, తోట, గుడి, అగ్రహారం, నిధి, కావ్యం. ఈ ఏడూ మనిషి పోయాక పేరు నిలిపేవి. కొడుకుతో సమానంగా చెరువును నిలబెట్టిన నమ్మకం అది. స్థోమత ఉన్నవాడు ఊళ్లో తన పేరు నిలవాలంటే చేయగలిగిన పనుల్లో ఊరికి పనికొచ్చేది చెరువే. అందుకే "సముద్రం" అని ముగిసే ఊళ్ల పేర్లు అన్నున్నాయి.

మత్తడి
పేరు నిలవాలె అనుకున్నోడు సొంత పైసలు పెట్టిండా, రైతు కాడ గుంజిన పైసలు పెట్టిండా, అది గూడ శాసనంల ఉంటదా? రాజు కింద దొర, దొర కింద ఇంకో దొర. కేంద్రం ఒక్క కాడ లేకపోతే పెత్తనం లేనట్టు కాదు, ఊరూరికి పంచినట్టు.

పదోవంతు
ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. కట్టడం ఒక ఎత్తు, ఏటేటా బాగుచేయడం ఇంకో ఎత్తు. పుణ్యం కట్టిస్తుంది గానీ పూడిక తీయదు. పూడిక తీసిన ఏ దాతా శాసనం వేయించుకోడు. ఆ పని చేయించింది దశబంధం.

ఎలా పనిచేసేదంటే: చెరువు కట్టినవాడికో, గండి పూడ్చినవాడికో, తూము (కాలవకు నీరు వదిలే దారి) వేసినవాడికో ఆ చెరువు కింద సాగయ్యే భూమిలో కొంత భాగం మాన్యంగా ఇచ్చేవాళ్లు. పేరుకు పదోవంతు, ఆచరణలో ఊరిని బట్టి ఎక్కువ తక్కువలు. షరతు ఏమిటంటే వాడి వంశం ఆ చెరువును మరమ్మతులో ఉంచాలి. కిటుకంతా ఇక్కడుంది. మాన్యం చెరువు కిందే ఉంది. కట్ట తెగితే ముందు ఎండేది వాడి మడే. డబ్బు జీతంగా ఇచ్చి ఉంటే చెరువు ఎండినా జీతం వచ్చేది. నీటిలో వాటా ఇచ్చారు కాబట్టి నీరు ఉంటేనే తిండి. రాయలసీమ జిల్లాల్లో దశబంధం ఇనాంలు ఇంగ్లీషువాళ్ల కాలం దాకా నడిచాయి.

తర్వాత ఏం చెడింది? 1858లో మద్రాసు ఇనాం కమిషన్ వచ్చింది. ఇనాంలన్నిటికీ హక్కు పత్రాలు, చాలావాటికి నామమాత్రపు కిస్తు. దశబంధానికి మరమ్మతు షరతు కాగితం మీద మిగిలింది. కానీ భాగాలు పంచుకుని, అమ్ముకుని, పదిమంది చేతులు మారాక ఆ షరతు ఎవరి నెత్తిన? అదే ఏడు వెట్టి చట్టమూ వచ్చింది, 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం. కట్ట తెగే ప్రమాదం వస్తే ఊళ్లో పనిచేయగల మగవాళ్లను బలవంతాన పిలిపించే అధికారం. అంటే ఆశ తీసేసి ఆజ్ఞ పెట్టారు. పావు శతాబ్దం తిరిగేసరికి, 1883లో సర్కారే తన డబ్బుతో చెరువుల పునరుద్ధరణ పథకం పెట్టుకోవాల్సి వచ్చింది. చివరికి 1956 ఇనాంల రద్దు చట్టంతో ఆంధ్ర ప్రాంతంలో ఆ కాస్త ముడీ తెగింది.

ఇనాంల రద్దు తప్పు అనడం లేదు. భూమి దున్నేవాడికి పోవాల్సిందే. రద్దు చేసినప్పుడు చెరువు పని ఎవరు చేస్తారన్న గడి ఖాళీగా వదిలేశారు, నా ఫిర్యాదు అదొక్కటే.

కోనేటిగట్టు
గుడి పాత్ర ఎవరూ ఎత్తలేదే! విజయనగర కాలంలో తిరుమల తిరుపతి శాసనాలు చూస్తే అదొక చక్కటి ఆర్థిక యంత్రం. దాత స్వామికి నగదు ఇస్తాడు, ఫలానా రోజున ఫలానా నైవేద్యం జరగాలని. గుడివాళ్లు ఆ నగదును హుండీలో దాచలేదు. దేవుడి పేరున ఉన్న ఊళ్లలో కాలవలు, చెరువులు తవ్వించారు. నీరు రాగానే మెట్ట మాగాణి అవుతుంది, పంట పెరుగుతుంది, ఆ పెరిగిన పంటలోంచి దాత కోరిన నైవేద్యం ఏటేటా జరుగుతుంది. అసలు కరగదు. నైవేద్యం పెట్టిన ప్రసాదంలో నాలుగో వంతు దాత వాటా. దాన్ని దాత తాను తీసుకోవచ్చు, ఇంకొకరికి రాసివ్వచ్చు. సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజయ్యంగార్ చేతి మీదుగా ఆ వాటా రామానుజకూటాలనే అన్నసత్రాలకు వెళ్లి, బ్రాహ్మణేతర వైష్ణవులకూ అక్కడ భోజనం దొరికింది.

ఇప్పుడు విడదీయండి చూద్దాం, ఇందులో భక్తి ఎంత, పెట్టుబడి ఎంత, రాజకీయం ఎంత? రాజుకు యాత్రికుల ముందు పేరు, గుడికి ఆదాయం, ఊరికి నీరు. దేవుడు చనిపోడు, ఆయనకు వారసుల తగాదా ఉండదు. నీటి ఆస్తికి అలాంటి యజమాని దొరకడం అదృష్టం. మత్తడి గారు అడగబోయే ప్రశ్న నేనే అడుగుతా: ఆ ఊళ్లలో దున్నినవాడి వాటా? నైవేద్యం చిట్టా బియ్యం, నెయ్యి, పెసరపప్పు కొలతలతో సహా ఉంటుంది. వాడి వాటా అంత వివరంగా రాయలేదు.

మత్తడి
నా నోట్ల మాట గుంజుకున్నవ్ అక్కా. 😀

ఆయకట్టు_చివర
అందరూ పైనుంచి చూస్తున్నారు. కింద తూము దగ్గర ఏం జరిగేదో చెప్పుకుందాం. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగట్టు లేదా నీరుగంటి. తూము ఎత్తడం, దించడం, పిల్లకాలువల్లో నీళ్లు మళ్లించడం, చెరువు నిండి మత్తడి (అలుగు) పారేటప్పుడు రాత్రంతా కట్ట మీద కావలి, ఎలుక బొరియ కనిపిస్తే మూయడం వాడి పని. చాలా ఊళ్లలో దళిత కులాలవాళ్లే. ఎందుకు వాళ్లే? వాళ్లకు ఆయకట్టులో సొంత మడి లేదు, లేదా నామమాత్రం. తన మడికి నీళ్లు మళ్లించుకునే ఆశ లేనివాడు పంపకంలో పక్షపాతం చూపడని లెక్క. తెలివైన లెక్కే, కానీ భూమి లేకుండా ఉంచడం మీద నిలబడిన లెక్క. ఈ రెండూ ఒకే నోటితో చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

కూలి మేర రూపంలో. కల్లంలో కుప్ప కొలిచేటప్పుడు ఎకరానికింత అని వడ్లు. పంట పండితేనే మేర, చివరి మడి దాకా నీరు చేరితేనే నిండు మేర.

నిజాం ఇలాకాలో ఇంకో ఏర్పాటు తైబంది. చెరువులో నీళ్లు చూసి ఈ ఆబికి (వానాకాలం పంటకు) ఇన్ని ఎకరాలు, తాబికి (యాసంగికి) ఇన్ని ఎకరాలు అని ముందే నిర్ణయించడం. నీరు సగమే ఉంటే ఆయకట్టులో ఎంత మేర నాటు వేయాలో నాటుకు ముందే తేలాలి, మధ్యలో కాదు. తైబంది సరిగా జరిగితే తగువు ఒక్కరోజుతో పోతుంది. జరగకపోతే వరి పొట్టకొచ్చిన వేళ గొడ్డళ్లు లేస్తాయి.

తర్వాత నీరటి, కావలికారు, మస్కూరి లాంటి ఊరి సేవకులందరూ కలిసి వీఆర్ఏలు (గ్రామ రెవెన్యూ సహాయకులు) అయ్యారు, జీతం ట్రెజరీ నుంచి. మంచిదే, మేర కోసం దొర కల్లం దగ్గర చేతులు కట్టుకు నిలబడే బాధ తప్పింది. కానీ వీఆర్ఏ తహశీల్దారు ఆఫీసుకు జవాబుదారీ అయ్యాడు, తూముకు కాదు. తెలంగాణలో 2023లో ఆ కొలువులూ రద్దయ్యాయి.

ఏఈ_మైనర్
ఇప్పుడు పథకాల సంగతి. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో 46,531 చెరువులు గుర్తించారు. ఉద్దేశం మీద నాకు పేచీ లేదు. పని దగ్గర ఏం తప్పుతుందో చెబుతాను, ఎందుకంటే అక్కడా అధికారమే ఉంది.

ఒకటి, పూడిక ఎక్కడ తీస్తారు? లారీ దిగడానికి వీలుగా కట్ట దగ్గరే. పాత చెరువుల్లో కట్ట లోపలి పాదం దగ్గర వందల ఏళ్లుగా పేరుకున్న మెత్తటి ఒండ్రు దుప్పటిలా పరుచుకుని ఊటను ఆపుతుంది. దాన్ని గీకేస్తే కింద మొరం తేలుతుంది, మొదటి వానకే కట్ట వెనక చెమ్మ కనిపిస్తుంది. బయటికి వచ్చే ఊట తేటగా ఉంటే భయం లేదు. బురదగా వస్తుందంటే కట్టలో మట్టి కొట్టుకుపోతోందని అర్థం, అదే గండికి మొదలు. కట్ట ఎత్తుకు కనీసం అయిదింతల దూరం వదిలి తవ్వాలి. నాలుగు మీటర్ల కట్టయితే ఇరవై మీటర్ల లోపల బకెట్ దించకూడదు.

రెండు, పూడికమట్టి అందరి పొలానికీ మేలు చేయదు. ఎర్ర చెల్క, దుబ్బనేలకు బాగా పనికొస్తుంది, నల్లరేగడికి పెద్ద లాభం లేదు. ఎకరమంతా అంగుళం మందం పరచాలంటే సుమారు వంద ఘనమీటర్లు కావాలి, మూడు ఘనమీటర్ల ట్రాలీలైతే ముప్పై అయిదు దాకా. ట్రాక్టరు బాడుగ పెట్టుకోగలిగినవాడికే మట్టి అందుతుంది. ఉచితమని ప్రకటించింది మట్టిని, మోతను కాదు.

మూడు, అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే రాతికట్టు. ఇది అన్నిటికన్నా ప్రమాదం. మన చిన్న చెరువులకు వరద లెక్క ఇప్పటికీ రైవ్స్ సూత్రంతో కడతాం: పరీవాహక విస్తీర్ణాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని మూడింట రెండో ఘాతానికి పెంచి, గుణకంతో హెచ్చించాలి. తూర్పు తీరానికి 80 కిలోమీటర్ల లోపు 6.8, ఆపైన 160 దాకా 8.5, కొండల పక్కన 10.2. అయిదు చదరపు కిలోమీటర్ల పరీవాహకం, 8.5 గుణకం అనుకుంటే సెకనుకు 25 ఘనమీటర్లు. అలుగు మీద అరవై సెంటీమీటర్ల నీరు పారాలంటే మీటరు పొడవుకు దాదాపు 0.8 ఘనమీటరు వెళ్తుంది, కాబట్టి 32 మీటర్ల అలుగు కావాలి. ఇప్పుడు ఎండాకాలానికి నాలుగు నీళ్లెక్కువ ఉంటాయని రైతులు దాని మీద అడుగెత్తు ఇసుక బస్తాలు పేరుస్తారు. అదే నీటిమట్టం దగ్గర పారేది మూడోవంతుకు పడిపోతుంది. మిగతా నీరు కట్ట మీదెక్కుతుంది. మట్టికట్ట మీద నీరెక్కాక ఎవరూ ఆపలేరు.

ఈసీ_నది
గొలుసుకట్టులో అది ఒక్క చెరువుతో ఆగదు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద చూడండి. విశ్వేశ్వరయ్య లెక్కలో మూసీ పరీవాహకంలో 788 చెరువులు, అందులో 221 తెగాయి. పై చెరువు నీరు కింది చెరువుకు ఆధారం, పై చెరువు తెగితే అదే మృత్యువు. హైదరాబాదులో వేలమంది పోయారు. ఆ తర్వాతే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అంటే ఊరూరి చెరువుల మీద నమ్మకం పోయి, ఇంజనీరు, రాజధాని, పెద్ద జలాశయం అన్న కొత్త నమ్మకం అప్పుడే కుదురుకుంది. దాన్నీ నమ్మకమనే అంటాను.

నగరంలో చెరువు చంపే పద్ధతి ఇంకా సులువు. అలుగు రాయి ఒక వరస తీసేస్తారు. గర్భం వాలు రెండొందలకు ఒకటి ఉందనుకోండి, మట్టం అడుగు దిగితే అంచు పొడవునా రెండొందల అడుగుల నేల బయటపడుతుంది. రెండు ఎండాకాలాలు ఆరాక అక్కడ ప్లాట్ల రాళ్లు. 2012 భవన నియమాల్లో పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలని ఉంది. ఆ 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? నిండు మట్టం గీత నుంచి. గీతే జరిగాక నియమం ఏం చేస్తుంది? కాబట్టి ఎవరైనా ఫిర్యాదు పెడితే ముందు అడగాల్సింది పాత అలుగు లెవెలు, గ్రామ నక్షాలో శిఖం (చెరువు గర్భం భూమి) సర్వే నంబర్ల విస్తీర్ణం. ఈ రెండూ లేకుండా ఫొటోలతో కోర్టుకు వెళ్తే నిలవదు.

బుక్కపట్నం_గాలి
నమ్మకం అంటే మంచిదే అన్నట్టు సాగుతోంది చర్చ. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం కట్ట మీద ముసలమ్మ గుడి ఉంది. కథ సీమలో అందరికీ తెలుసు. కట్ట తెగబోతుంటే ఊరిపెద్ద బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే నిలుస్తుందని వాణి పలికింది, ఆమె గండిలోకి నడిచిపోయింది. చెరువు నిలవడానికి ఎవరు పోవాలంటే బయటినుంచి వచ్చిన కోడలు, అందులోనూ అందరికన్నా చిన్నది. పెద్దకొడుకును అడగలేదు ఆ వాణి!

ఇంకోవైపు, ఆ గుడి ఉన్నచోట కట్ట తవ్వడానికి జేసీబీ వాడు కూడా జంకుతాడు. తెలంగాణలో కట్టమైసమ్మ అంతే. బోనాలకూ బతుకమ్మకూ ఊరంతా కట్ట మీదికి వస్తుంది. ఏడాదికోసారి వందల కళ్లు కట్టను చూస్తాయి, కుంగినచోటు కనిపిస్తుంది. నష్టమూ లాభమూ ఒకే మూట.

పదోవంతు
జంకు గుడి చుట్టూ పది గజాలే. శిఖం చివర ప్లాటు కొట్టేవాడికి మైసమ్మ కనిపించదు. నమ్మకం హద్దురాయిలా పనిచేయాలంటే దాని వెనక నష్టపోయే మనిషి ఒకడు ఉండాలి.

పైగా సీమలో అసలు మార్పు బోరుతో వచ్చింది. చెరువు నీరు పదిమంది కలిస్తేనే మడికి చేరుతుంది. బోరు నీరు ఒక్కడి మోటారుతో చేరుతుంది. 2004 నుంచి ఉచిత కరెంటు. అప్పుడు ఆయకట్టు పైభాగం రైతులే తూము మూసేయమంటారు, నీరు చెరువులో ఇంకితే వాళ్ల బోర్లు పోస్తాయి కనుక. చివరి రైతుకు కాలవ ఎండిపోతుంది. బోరు వేసే స్తోమత లేదు, వేసినా దూరం. చూడండి, ఏ చట్టమూ మారలేదు, ఏ దేవుడూ మారలేదు, యంత్రం మారింది, పెత్తనం తూము దగ్గర నుంచి స్టార్టరు డబ్బా దగ్గరికి నడిచింది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టంలో బోర్లకు నమోదు, దూరం నియమాలు ఉన్నాయి. పదిమందిని అడగండి, నమోదు చేయించినవాడు ఒకడు దొరికితే చెప్పండి.

శాసనపాఠి
సంఘాల సంగతి ఎవరైనా రాయండి. 1997లో రైతుల నీటి యాజమాన్య చట్టం తెచ్చి పదివేలకు పైగా నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. దేశంలోనే పెద్ద ప్రయోగమన్నారు. ఏమైంది?

ఆయకట్టు_చివర
మూడు చోట్ల జారింది. ఓటు రికార్డులో పేరున్న భూమి యజమానికి. నిజంగా నీరు పెట్టే కౌలుదారు పేరు రికార్డులో ఎక్కితేనే సభ్యుడు, ఎక్కించే యజమాని ఎక్కడ? రెండోది, ప్రపంచబ్యాంకు అప్పు డబ్బుతో మొదటి ఏళ్లలో కాలవ పనులు వచ్చాయి. అధ్యక్షుడంటే కాంట్రాక్టరు అన్న అర్థం స్థిరపడింది. పైకం తగ్గగానే పోటీ కూడా తగ్గింది. మూడోది ముఖ్యమైనది. సంఘానికి తైబంది మీద అసలు అధికారం రాలేదు. నీటి తీరువా (నీటి పన్ను) సర్కారు వసూలు చేసుకునేది, సంఘం వాటా ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. పదోవంతు గారి మాట ప్రకారం చూస్తే, మరమ్మతు చేసినందుకు ఎవరికీ ఏమీ రాదు, చేయనందుకు ఎవరికీ ఏమీ పోదు.

మత్తడి
ముందు రోజులు ఇంక తీరుగ ఉంటయి. ఎత్తిపోతలతోటి చెరువులు నింపుడు మొదలైనంక పరీవాహకం ఎందుకు, వాగు ఎందుకు అంటున్నరు. కాలువ నీళ్లు ఎమ్మెల్యే ఫోన్ కొడితే వస్తయి. ఊరు వాన దిక్కు చూసుడు బంద్ చేసి లీడర్ దిక్కు చూస్తది. 2023 అక్టోబర్‌ల మేడిగడ్డ కాడ స్తంభాలు కుంగినంక అర్థమైంది కదా, ఎక్కడ్నో ఒక్క కాడ తప్పైతే ఎన్ని ఊర్లు చేతులు ముడుచుకోవాల్నో. కాకతీయుల కాలంల దొర ఊర్లెనే ఉండె, తిట్టనన్న తిట్టొచ్చు.

ఏఈ_మైనర్
ఎత్తిపోతలనూ పూర్తిగా కొట్టేయకండి. వరుస కరువుల్లో వాన నీటితో నిండని చెరువులు సీమలో బోలెడు, వాటికి హంద్రీ-నీవా నీరే ప్రాణం. కాకపోతే పంపు నీరు వస్తుందని ఫీడరు కాలవలు, వాగు మొగలు కబ్జాకు వదిలేస్తే, పంపు ఆగిన ఏడు చెరువుకు ఏ దారీ ఉండదు. రెండూ తెరిచి ఉంచాలి.

సంఘం పెట్టుకునే ఊరివాళ్లు ఎవరైనా చదువుతుంటే, నా పట్టిక కాదు గానీ కనీసం ఈ వరస పాటించండి. మొదట అలుగు లెవెలును కదలని బండ మీద గీసి, ఫొటో తీసి, గ్రామసభ తీర్మానంలో ఎక్కించండి. తర్వాత నిండు మట్టం చుట్టూ రాళ్లు. వానాకాలం మొదలయ్యే లోపు తూము పలక ఎత్తి దించి చూడాలి, కట్ట మీద తుమ్మ, వేప మొక్కలు వేలు లావు ఉన్నప్పుడే పీకాలి. చెట్టయ్యాక కొడితే వేరు కుళ్లి సొరంగమవుతుంది. నాటుకు పదిహేను రోజుల ముందు తైబంది సభ. టీఎంసీలో లెక్క కట్టకండి, ఎవరికీ అర్థం కాదు. వరికి ఎకరానికి సుమారు అయిదు వేల ఘనమీటర్లు అనుకుని, ఆవిరికీ ఇంకుడుకూ పోయేది తీసేసి, మిగిలిన నీటికి ఎన్ని ఎకరాలో చెప్పండి. నీరటికి ఎకరానికింత అని సంఘమే ఇవ్వాలి, అందులో సగం చివరి మడి రైతు సంతకం పెట్టాకే.

పదోవంతు
ఆ చివరి సంతకం బాగుంది. అదే దశబంధం, కొత్త బట్టల్లో.

వల_బుట్ట
అందరూ రైతులే మాట్లాడారు. చెరువులో చేపలు కూడా ఉంటాయి సార్లూ. ముదిరాజ్, గంగపుత్రుల సొసైటీలకు చేప మీద హక్కు, రైతులకు నీటి మీద హక్కు. చేపకు మార్చి, ఏప్రిల్ దాకా నీరు ఉండాలి, తాబి వరికి అదే నీరు మడిలో ఉండాలి. తైబంది సభకు మా సొసైటీని ఎవరు పిలుస్తారు? శాసనపాఠి గారూ, మీ పన్నెండు సాధనాల్లో చేపలవాడు ఉన్నాడా?

శాసనపాఠి
పన్నెండింటిలో లేడు. ఆరు దోషాల్లోనూ లేడు లెండి.

ఏఈ_మైనర్
వల_బుట్ట గారూ, సాధారణంగా తూము కిందిమట్టం కన్నా లోతున్న నీరు ఎలాగూ కాలవలోకి పారదు. తగువు ఆ నీటిని ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడినప్పుడు వస్తుంది. తీర్మానంలో ఒక్క వాక్యం రాయించుకోండి: అడుగు తూము, అంటే అన్నిటికన్నా కిందున్న తూము, మట్టం కన్నా నీరు దిగాక ఇంజన్ పెట్టకూడదు. ఆ మట్టానికి పైన ఒక అడుగు నీరు అదనంగా కావాలంటే ఎన్ని ఎకరాల తాబి తగ్గుతుందో లెక్క తీసి, ఆ రైతులకు సొసైటీ ఏమిస్తుందో సభలోనే మాట్లాడుకోవాలి. మీ చెరువు గర్భం విస్తీర్ణం, తూము లెవెలు ఇక్కడ పెట్టండి, లెక్క కట్టిస్తాను.

వల_బుట్ట
నిండినప్పుడు 90 ఎకరాలు, అడుగు తూము మట్టం దగ్గర 22 ఎకరాలు. రెండు తూములు, పైదానికి కిందిదానికి మధ్య ఆరడుగులు.

ఏఈ_మైనర్
అయితే అడుగు తూము పైన ఒక అడుగు అంటే సుమారు 25 ఎకరాల అడుగులు, ముప్పై వేల ఘనమీటర్లు. ఆవిరి వగైరా పోను అయిదారు ఎకరాల వరి. సొసైటీ అయిదారుగురు రైతులతో మాట్లాడుకోవాలి, ఊరంతటితో కాదు. ఆ మడులు చెరువుకు దగ్గరివా, చివరివా?

వల_బుట్ట
చివరివే.